సర్వర్లో మునిగిన ఊరు

జిల్లెళ్లమెట్ట ఊరు నీట మునిగిందన్న సంగతి చెంచయ్యకు కాలువలో నిలబడి బీడీ ముట్టించుకుంటున్నప్పుడు తెలిసింది.

కాలువ అడుగున మట్టి ఎండి, పెంకులు పెంకులుగా లేచి, చెప్పు పెట్టిన చోటల్లా పటపటమంటోంది. మేజరు కాలువ ఆ ఊరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత తుమ్మచెట్లే తప్ప ఊళ్లు లేవు. పైనున్న ఊళ్లన్నీ వాడుకోగా మిగిలింది జిల్లెళ్లమెట్టకు రావాలి. నాట్లప్పుడు బాగానే వచ్చింది. రెండడుగుల నీళ్లు గట్టు ఒరుసుకుంటూ పారాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇప్పుడు చెంచయ్య వరి పొట్ట మీదుంది. ఒక్క తడి అందితే వెన్ను తీస్తుంది. అందకపోతే పశువుల మేత. చెంచయ్యకు ఆ ఒక్క చేనే ఉంది. మాటలు కూడా తక్కువే.

గేజీ రాయి దగ్గర అతని బావమరిది మాలకొండయ్య వంగి ట్యాబుతో ఫోటో తీస్తున్నాడు. మాలకొండయ్య కాలువ లస్కరు. పొద్దున్నే గేజీ రాయి మీద నీళ్లు ఏ అంకెను తాకుతున్నాయో చూసి పైకి తెలియజెయ్యడం అతని పని.

“ఎండిన రాయికి రోజూ ఫోటో ఏందిరా, పెళ్లి సంబంధానికి పంపుతున్నావా?” అన్నాడు చెంచయ్య.

“పంపకపోతే జీతం ఆపుతారు బావా.”

“నీళ్లెప్పుడు వదుల్తారో అది అడగరాదూ?”

“వదలరు. మనూరు మునిగుంది గదా.”

చెంచయ్య చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

“ఏడ మునిగుంది?”

“సర్వర్లో.”

మాలకొండయ్య ట్యాబు తిప్పి చూపించాడు. ఒక పక్క లోకల్ అని ఉంది, దాని కింద సున్నా. ఇంకో పక్క సర్వర్ అని ఉంది, దాని కింద నలభై ఆరు అడుగులు. ఊరి పేరు మీద నీలం రంగు అల బొమ్మ ఒకటి తీరిగ్గా ఊగుతోంది.

“నలభై ఆరడుగులంటే తాటిచెట్టు మునుగుద్దిరా.”

“మునిగే ఉంటది బావా, దాంట్లో.”

ట్యాబు రాకముందు మాలకొండయ్య ఫోన్లో అంకె చెప్పేవాడు. లాకుల ఆఫీసులో గుమాస్తా లేచి, గోడకున్న నల్లబల్ల మీద నిన్నటి అంకెను గుడ్డముక్కతో తుడిచి, ఇవాళ్టి అంకె వేసేవాడు. ఆధునికీకరణ వచ్చినప్పుడు నల్లబల్లను తీసేశారు. గుడ్డముక్క కూడా దాంతోపాటే పోయింది. పైనున్న షట్టరుకు మోటారు బిగించి, దాన్ని సర్వరుకు అప్పజెప్పారు. సర్వరు లేవమంటే లేస్తుంది, దిగమంటే దిగుతుంది. జిల్లెళ్లమెట్టలో నీళ్లు ప్రమాద మట్టం దాటాయని సర్వరుకు తోచిన రోజున, ప్రజల ప్రాణాలు కాపాడటానికి షట్టరు తనంతట తనే దిగి కూర్చుంది.

చెంచయ్య బస్సెక్కి కాలువల సబ్ డివిజన్ ఆఫీసుకు వెళ్లాడు.

డీఈ వరప్రసాదరావుగారు మంచి మనిషి. ఎదుటివాళ్ల కష్టం వింటే కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

“ఏ ఊరు?”

“జిల్లెళ్లమెట్టండి.”

డీఈగారు లేచి నిలబడ్డారు. “అయ్యో, ముందు కూర్చోండి. ప్రాణనష్టం ఏమైనా సంభవించిందా?”

“లేదండి. పైరు ఎండతా ఉంది.”

“ఎలా రాగలిగారు?”

“బస్సులోనండి.”

డీఈగారు తెర వంక చూశారు. తర్వాత వంగి చెంచయ్య కాళ్ల వంక చూశారు. మోకాళ్లదాకా దుమ్ము ఉంది.

“రోడ్డు మీద నీటి ప్రవాహం?”

“దుమ్మండి సారూ. ఒక్క తడి ఇప్పించండి. మీరొకసారి వచ్చి చూస్తే మీకే తెలుస్తది.”

డీఈగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “చూడండి. గతంలో ఈ శాఖ లస్కరు చెప్పింది నమ్మేది, రైతు చెప్పింది నమ్మేది, కొన్ని సందర్భాల్లో స్వయంగా వెళ్లి చూసేది కూడా. దానివల్ల అనేక భిన్నాభిప్రాయాలు తలెత్తాయి. అందుచేత ఏకసత్య విధానాన్ని ప్రవేశపెట్టాం. సర్వరులో ఉన్నది సత్యం. క్షేత్రంలో ఉన్నది, ఇంకా అప్‌డేట్ కాని సత్యం.”

“మీ కళ్లతో మీరు చూస్తేనో?”

“చూడటానికి అభ్యంతరం లేదు. చూసింది నమోదు చెయ్యడానికి నాకు లాగిన్ లేదు.”

“మరి నా పైరు?”

“వరదల్లో పైరు దెబ్బతినడం మాకూ బాధాకరమే. సహాయ చర్యలకు ఇప్పుడే రాస్తాను.”

ఆయన అన్నమాట నిలబెట్టుకునే మనిషి. చెంచయ్య ఊరు చేరిన మర్నాడే ట్రాక్టరు మీద పడవ వచ్చింది.

పడవతో పాటు సముద్రం ఒడ్డు నుంచి ఇద్దరు పడవవాళ్లు, ఆఫీసు నుంచి గుమాస్తా పురుషోత్తం, ఒక మూట నారింజరంగు ఈత చొక్కాలు వచ్చాయి. ట్రాక్టరు లేపిన దుమ్ముకు అందరూ ఒకే రంగులో ఉన్నారు. పురుషోత్తం ఫోనులో మ్యాపు తీసి, నీళ్లు అన్నిటికంటే లోతుగా ఉన్న చోటు వెతుక్కుంటూ నడిచి, చెంచయ్య చేలో ఆగాడు.

“ఇక్కడే దించండి.”

చెంచయ్య భార్య రత్తమ్మ గట్టు మీద నుంచి పరుగున వచ్చింది. “పైరు మీద పెట్టమాకండయ్యా, మీకు పుణ్యముంటది! ఆ మూల నారుమడి ఖాళీగా ఉంది, ఆడ పెట్టుకోండి.”

పడవను నారుమడిలో దించారు. పడవవాళ్లలో పెద్దతను చుట్టూ చూసి, “లంగరు యాడ వెయ్యమంటారమ్మా?” అన్నాడు. రత్తమ్మ గేదె గుంజ చూపించింది. అతను బుద్ధిగా దానికి కట్టేశాడు. గేదె కాసేపు ఆ తాడు వంక, కాసేపు అతని వంక చూసింది.

బడిలో పునరావాస కేంద్రం తెరిచారు. పులిహోర పొట్లాలు ఇస్తున్నారంటే ఊరంతా మునిగిపోయినవాళ్లలాగే పరుగెత్తింది. ఈత చొక్కా వేసుకున్నవాళ్లకే పొట్లం అన్నారు. ఎండకు చెమటలు కారుతున్నా ఎవరూ చొక్కా విప్పలేదు. మాలకొండయ్య రెండు వేసుకుని రెండు పొట్లాలు అడిగాడు.

చివరికి రక్షించినట్టు ఫోటో కావాలని, పురుషోత్తం చెంచయ్యనూ రత్తమ్మనూ పడవ ఎక్కించాడు.

“కొంచెం దిగులుగా మొహం పెట్టమ్మా. అంతా పోయిందన్నట్టు.”

“నన్ను పైరు వైపు తిరిగి కూర్చోనీ సారూ. మొగం దానంతటదే వస్తది,” అంది రత్తమ్మ.

ఫోటో బాగా వచ్చింది. పడవవాళ్లు పులిహోర తిని వెళ్లిపోయారు. పడవ ఉండిపోయింది. వరద తగ్గకుండా పడవ వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదు. రత్తమ్మ దాంట్లో మిరపకాయలు ఎండబోసింది. ముందు మూలలో పెట్ట ఒకటి గుడ్లు పెట్టుకుంది.

పైరు ఆకు కొసలు చుట్టుకోవడం మొదలుపెట్టాయి.

సహాయ చర్యలు అందినా నీళ్లు తగ్గకపోవడం డీఈగారికి మనస్తాపం కలిగించింది. ఆయన పెద్దాఫీసు నుంచి శ్రీవత్స అనే కంప్యూటరు ఇంజనీరును వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. కుర్రవాడు తుమ్మచెట్టు నీడలో లాప్‌టాప్ తెరిచాడు. మాలకొండయ్య తెచ్చిన గోలీసోడా పూర్తిగా తాగకముందే తల ఎత్తాడు.

“దొరికింది సార్. ట్యాబులో ఉన్న లోకల్ టేబులు సరిగ్గానే ఉంది. తప్పంతా అక్కణ్ణుంచి సర్వర్ టేబులుకు తీసుకెళ్లే అప్‌డేట్ క్వెరీలో ఉంది. అది పాత అంకె తీసేసి కొత్త అంకె పెట్టాలి. తీసెయ్యడం లేదు, పాతదానికి కొత్తది కలుపుతోంది. నాట్లప్పుడు రోజూ రెండడుగులు పంపారు కదా, రోజుకు రెండడుగులు పెరిగింది.”

“ఇప్పుడు రోజూ సున్నా పంపుతున్నా గదయ్యా?” అన్నాడు మాలకొండయ్య.

“సున్నా కలిపితే ఏం తగ్గుతుందన్నా? నలభై ఆరు అట్లాగే ఉంటుంది.” అతను డీఈగారి వైపు తిరిగాడు. “క్వెరీలో ఒక్క ముక్క తీసేస్తే చాలు సార్. ఇప్పుడే తీసేస్తా.”

డీఈగారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఎలక్ట్రిక్ స్తంభం ముట్టుకోబోయే పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

“నాయనా, ఆ క్వెరీ నాలుగు కమిటీల ఆమోదం పొందింది. దానికి కొబ్బరికాయ కొట్టారు. దానిలో అక్షరం మార్చాలంటే మార్పు ప్రతిపాదన సాంకేతిక సంఘానికి వెళ్లాలి, అక్కణ్ణుంచి ఆర్థిక సంఘానికి వెళ్లాలి. సాంకేతిక సంఘం పంటకాలం ముగిశాక సమావేశమవుతుంది.”

“పోనీ, సర్వర్ టేబుల్లో నలభై ఆరు చెరిపి సున్నా పెట్టేస్తా.”

“సర్వర్ టేబులును చేత్తో తాకడం రికార్డుల తారుమారు కిందికి వస్తుంది. ఏ అంకె అయినా క్షేత్రం నుంచి రావలసిందే.”

శ్రీవత్స లాప్‌టాప్ మూశాడు. కొంత విసుగుతోనే, “అయితే క్షేత్రం నుంచి మైనస్ అంకె రావాలి సార్. మైనస్ తొమ్మిది కలిపితే తొమ్మిది తగ్గుతుంది,” అన్నాడు.

విసుగులో అన్నమాట విసుగులోనే పోవలసింది. డీఈగారి మొహం వెలిగింది.

“క్షేత్రస్థాయి ప్రతికూల నమోదు! దీనికి ఎవరి అనుమతీ అవసరం లేదు.”

ఎక్కడా మైనస్ అంకెలు లేని గేజీ రాయి పక్కన చెంచయ్య ఇదంతా వింటూ నిలబడ్డాడు. “సారూ, ఇదయ్యాక షట్టరు లేస్తదా?” అని అడిగాడు.

“సర్వరు ప్రమాద మట్టం కిందికి రాగానే అదే లేస్తుంది.”

చెంచయ్య ఇంటికెళ్లి గడ్డపార తెచ్చాడు.

పెయింటరు వచ్చి పొడుగాటి చెక్కకు సున్నా నుంచి కిందికి మైనస్ అంకెలు రాశాడు. గేజీ రాయి సున్నా కాలువ అడుగును తాకుతోంది. కాబట్టి చెక్క దిగాలంటే కాలువ దిగాలి. ఊరంతా గడ్డపారలు, తట్టలు తెచ్చి కాలువలో గొయ్యి తవ్వింది. చోటు చాలక చెంచయ్య చేను వైపు గట్టు కూడా కొంత కొట్టేశారు. ఎవరికి వాళ్లు నీళ్ల కోసం తవ్వుతున్నామనుకున్నారు. మనిషి లోతు దిగాక చెక్క నిలబెట్టి మాలకొండయ్య ఫోటో పంపాడు.

ట్యాబు ఒప్పుకోలేదు. సున్నాకైతే ఎండిన రాయి చాలు గానీ, మిగతా ఏ అంకెకైనా నీరు తాకుతున్నట్టు కనబడని ఫోటో చెల్లదంది.

“సహేతుకమే,” అన్నారు డీఈగారు. “నీరు లేనిదే నీటిమట్టం ఎక్కడిది?” ఆయన ఫోను చేసి ట్యాంకరు తెప్పించారు.

ట్యాంకరు గట్టు మీద నిలబడి గోతిలోకి నీళ్లు వదిలింది. గట్టుకు ఇటు పక్క చెంచయ్య వరి నిలువునా వడలిపోతోంది. నీళ్ల చప్పుడుకు రత్తమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి చూసింది.

“సారూ,” అన్నాడు చెంచయ్య, “ఆ నీళ్లు నా చేలో వదిల్తే పైరు బతుకుద్ది.”

డీఈగారు జాలిగా చూశారు. “మీ చేలో గేజీ లేదు కదండీ.”

గొయ్యి ఎన్నాళ్ల దాహంతో ఉందో, మాలకొండయ్య ట్యాబు తెరిచేలోగా మొత్తం తాగేసింది. రెండో ట్యాంకరునూ తాగేసింది. అప్పుడిక ఇంకా లోతుకు దిగడం తప్పలేదు. పన్నెండడుగులకు దిగేసరికి చెంచయ్య పార తడి ఇసుకలో గుచ్చుకుంది. చూస్తుండగానే ఇసుకలోంచి చెలమ ఊరి, అంచుల దగ్గర బుడగలు లేచి, చెక్క మీద మైనస్ తొమ్మిదిని తాకి నిలబడింది. మాలకొండయ్య ఫోటో పంపాడు. సర్వర్లో నలభై ఆరు ముప్పై ఏడైంది. డీఈగారు చప్పట్లు కొట్టారు. ఊరు కూడా కొట్టింది.

మర్నాడు పొద్దున్నే చెంచయ్య ఆయిలింజను తెచ్చి గోతి పక్కన దించాడు.

“బావా, వద్దు! గేజీ నీళ్లు తోడితే కేసు పెడతారు. నా ఉద్యోగం పోద్ది!”

“పక్కకు జరుగు.”

“అక్కా, నువ్వన్నా చెప్పు మీ ఆయనకి!”

రత్తమ్మ అప్పటికే చేలో మడవ తీసి, పార చేతబట్టుకుని నిలబడి ఉంది. “నువ్వు ఫోటో తీసుకోరా, ఫోటో. మాకు అడ్డం రామాక,” అంది.

ఇంజను దగ్గి, ఉమ్మి, పట్టుకుంది. నీళ్లు చేలోకి దూకాయి. నెర్రెలు విచ్చిన మడి చుయ్ చుయ్‌మని పీల్చుకుంటుంటే చెంచయ్య చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. తోడుతున్నకొద్దీ గోతిలో మట్టం దిగింది. మాలకొండయ్య మైనస్ పదకొండు పంపాడు. ఆ తర్వాత ఫోను మోగేసరికి తాగుతున్న నీళ్ల చెంబు వదిలేసి నిలబడ్డాడు.

“తగ్గుదల ఇంత వేగవంతం ఎలా అయింది?” డీఈగారి గొంతు.

“మా బావ... నీళ్లు తోడుతున్నాడు సారూ. నేను వద్దనే అన్నా.”

“వరదనీటి తోడివేతా? స్వచ్ఛందంగానా? సొంత ఇంజనుతోనా?”

కేసు పెట్టలేదు. శాలువా కప్పారు. ఊరిని ముంపు నుంచి విముక్తం చేయడంలో చూపిన తెగువకు ప్రశంసాపత్రం ఇచ్చారు. వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడమంటే చెంచయ్య మైకు పట్టుకుని, “పైరు వెన్ను తీసింది,” అని చెప్పి దిగిపోయాడు. ఆ మాటకు అక్కడెవరూ చప్పట్లు కొట్టలేదు.

సర్వరు సున్నాకు దగ్గరపడగానే పురుషోత్తం వచ్చి, వరద ముగింపు దశలో ఉందని చెప్పి, ఈత చొక్కాలన్నీ లెక్క చూసుకుని, అందరి దగ్గరా సంతకాలు తీసుకుని పట్టుకెళ్లాడు. పడవ పెద్ద వస్తువు కాబట్టి దానికి వేరే ఉత్తర్వు రావాలన్నాడు.

ప్రమాద మట్టం దిగాక షట్టరు లేవాలి. లేవలేదు. వరద తగ్గిన ఊరికి వెంటనే నీళ్లు వదలకూడదని, కొన్నాళ్లు ఆరనివ్వాలని, అదే క్వెరీని ఆమోదించిన కమిటీ ముందుచూపుతో ఒక షరతు పెట్టింది. ఇక మైనస్ పంపడం ఎప్పుడు ఆపాలో మాలకొండయ్యకు ఎవరూ చెప్పలేదు. వరద ముగిసిన ఊరు కాబట్టి రోజూ కాకుండా వారానికోసారి పొద్దున్నే గోతిలోకి వంగడం, ఫోటో తియ్యడం, పంపడం. సర్వరు సున్నా దాటి కిందికి దిగింది. చెంచయ్య వరి పసుపెక్కింది, బరువెక్కింది, వంగింది. కోతలయ్యాయి. పనలు చేలో పరిచి ఆరబెట్టాడు. ఇక కట్టలు కట్టి కుప్ప వేసుకోవడమే మిగిలింది.

ఆ రోజుకు సర్వర్లో జిల్లెళ్లమెట్ట నీటిమట్టం మైనస్ ముప్పై అడుగులు. అల బొమ్మ పోయి, దాని స్థానంలో ఎర్రటి పుర్రె ఒకటి వచ్చింది. తీవ్ర కరువు. ప్రజల ప్రాణాలు కాపాడటానికి షట్టరు తనంతట తనే నిలువునా లేచింది.

మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి మాలకొండయ్య గట్టు మీద అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు.

“బావా! నీళ్లొస్తన్నయ్ బావా!”

ఆ మాట కోసం చెంచయ్య పొట్టదశ అంతా ఎదురుచూశాడు. ఇప్పుడు విని పనల వైపు పరుగెత్తాడు.

నీళ్లు ముందు గోతిలో పడి గుడగుడమని దాన్ని నింపాయి. నిండాక, కొట్టేసిన గట్టు మీదుగా చేలోకి తిరిగాయి. మాలకొండయ్య అలవాటు కొద్దీ గేజీ రాయి ఫోటో పంపి, ఫోను చేసి, స్పీకరు పెట్టి, “షట్టరు దించండి సారూ, పనలు తడుస్తన్నయ్!” అని మొత్తుకున్నాడు.

“ఆందోళన చెందవద్దు,” అన్నారు డీఈగారు. “మీ ఊరు ప్రస్తుతం కరువులో ఉంది. ఇవాళ రెండడుగులు వచ్చినట్టు నమోదైంది. ఇంకా ఇరవై ఎనిమిది అడుగుల నీరు మీకు రావలసి ఉంది. ఎంత ఖర్చయినా శాఖ అందజేస్తుంది.”

చెంచయ్య, రత్తమ్మ అప్పటికే చేలో ఉన్నారు. మోసుకెళ్లడానికి గట్టు దూరం. దగ్గరున్నది పడవ. రత్తమ్మ మిరపకాయలు ఒక పక్కకు నెట్టి, పెట్టను గుడ్లతో సహా గంపలో పెట్టి, “ఇందులో ఎయ్యి!” అంది. ఇద్దరూ పన మీద పన వేశారు. మాలకొండయ్య ట్యాబును నెత్తిన కట్టుకుని వాళ్లతో దిగాడు. దిగువ మడిలో పనలు కొన్ని తేలిపోయాయి. మిగిలినవన్నీ పడవెక్కాయి. నీళ్లు నారుమడి చేరాయి. పడవ ఒకసారి మూలిగి, కదిలి, పైకి లేచింది. తాడు బిగుసుకుంటే గుంజ దగ్గర గేదె భయపడి అరిచింది.

అప్పుడు వచ్చాడు పురుషోత్తం. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, నీళ్లలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

“చెంచయ్యా, ఉత్తర్వు వచ్చిందయ్యా. పడవ వెనక్కివ్వాలి.”

పనల మీద కూర్చున్న చెంచయ్య తల తిప్పాడు. “ఇప్పుడా?”

“వరద తగ్గింది గదా. ఇక్కడ నీరు లేనందున పడవ అవసరం తీరినది అని ఉంది. కింద ఒక సంతకం పెట్టు, ట్రాక్టరు తెచ్చా.”

“పెడతా. ట్రాక్టరును ఇక్కడిదాకా రానీ.”

పురుషోత్తం వెనక్కి తిరిగి చూశాడు. ట్రాక్టరు డొంకలో ఇరుసుదాకా దిగబడి ఉంది. డ్రైవరు బానెటు మీద గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పురుషోత్తం మళ్లీ ఇటు తిరిగేసరికి నీళ్లు మడత పెట్టిన ప్యాంటును అందుకున్నాయి. కాగితం ఇంకొంచెం ఎత్తాడు.

“ఎక్కండి సారూ,” అంది రత్తమ్మ. “ఆ చివర కూర్చోండి. పనలు తొక్కమాకండి. గంప జాగర్త, గుడ్లున్నయ్.”

పురుషోత్తం ఎక్కాడు. పడవ అతని బరువుకు ఒక పక్కకు వాలి, మళ్లీ సర్దుకుంది. అతను రెండు చేతులా అంచు పట్టుకుని, నీళ్ల వంక కాసేపు, అవి వస్తున్న వైపు కాసేపు చూశాడు.

“చెంచయ్యా, ఆ ఈత చొక్కా ఒక్కటన్నా ఉందా?” అన్నాడు మెల్లగా.

“లేదు సారూ. అప్పుడే ఇచ్చేసినం గదా,” అన్నాడు చెంచయ్య. “నువ్వే సంతకం తీసుకుంటివి.”